ఆకు కుట్టిన పిట్ట

అమ్మకు, ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అల్లుడుగారి గురించి బెంగ పెట్టుకోకు.

జబ్బు చేశాక చేతులు వణుకుతున్నాయని ఆయన కుట్టుమిషను ముట్టడం మానేసి, పెరట్లో నేను వేసిన వంగమొక్కల దగ్గరే కూర్చునేవారు. పది రోజుల కిందట అక్కడికి బొటనవేలంత పిట్ట వచ్చి, ముక్కుతో ఆకు అంచులకు చిల్లులు పొడిచి, మేం ఊడ్చి పారేసిన దారప్పోగులతో ఆ ఆకును సంచిలా కుట్టేసింది. ఆయన రెప్ప వేయలేదు.

"ముప్పై ఏళ్లు కుట్టానే, ఇంత పనితనం నాకు రాలేదు. దానికి చేతులైనా లేవు" అన్నారు.

నిన్న తనే మిషనుకు నూనె వేసి కూర్చున్నారు. కుట్టు వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ కుట్టారు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? బీర విత్తనాలు ఎవరిచేతనైనా పంపు. మీ ఇద్దరికీ నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

అంచున చోటుందని రాస్తున్నా. ఇప్పుడే చూశాం, గూట్లో మూడు గుడ్లు. వంకాయలు కోయడం మానేశాం.