రాజుగారి నౌకరు ఫ్రేము

మంగళవారం, టార్నీట్

పీటర్ గారు ఈరోజు ఏడ్చారు. నావల్లే.

నేను పనిచేసే ఏజ్డ్ కేర్ హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, ఆయనంత మాటకారి ఇంకొకరు లేరు. తన వంశవృక్షాన్ని ఫ్రేము కట్టించి మంచానికి ఎదురుగా తగిలించుకున్నారు. అందులో అందరికన్నా పైన ఉన్న తాత ఐదువందల ఏళ్ల కిందట, ట్యూడర్ వంశం ఏలిన కాలంలో, ఇంగ్లండ్ రాజుగారి నౌకరు. రాజుగారు దొడ్డికి కూర్చుంటే దగ్గరుండి చూసుకోవడం ఆయన కొలువు. "ఆ పనికి పెద్ద పెద్దవాళ్లు పోటీ పడేవాళ్లు తెలుసా?" అని నాకు రోజూ చెప్పేవారు.

పొద్దున ఆయనకి పక్కలోనే అయిపోయింది. ఇలా అవడం ఇదే మొదటిసారి. నేను దుప్పటి తీస్తుంటే మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. కాస్త తేలికపరుద్దామని, "మీ తాతగారు రాజుకి చేసిన పనేగా ఇది" అన్నాను. నా నోరు పడిపోను.

"రాజుకి సిగ్గెయ్యలేదు కదా, లక్ష్మీ" అన్నారు. అంటూనే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ఆయన కూతురు వచ్చింది. ఫ్రేము తీసి ఇంటికి పట్టుకుపొమ్మని ఆయనే చెప్పారట. "డాడ్‌కి ఏమైంది, నీకేమైనా చెప్పారా?" అని నన్నే అడిగింది. తెలీదన్నాను. ఆయన పరువు కాపాడానో, నా తప్పు దాచుకున్నానో ఇప్పటికీ అర్థం కావట్లేదు.

రేపు ఆరింటికి మళ్లీ నా షిఫ్టే. రోజూ ఆ ఫ్రేము చూపిస్తూనే ఆయన మాట మొదలుపెట్టేవారు. రేపు తలుపు తీసి ఏమని పలకరించను...