మామిడి నీడన పసుపుపూల తీగ

నూజివీడు

గౌరవనీయులైన సువర్ణరాజు మాస్టారికి, పక్కింటి జగన్మోహనరావు నమస్కరించి వ్రాయునది.

మేము క్షేమం. మీరు క్షేమమని గోడ అవతలి నుంచి మీ దగ్గు వినబడుతూనే ఉంది.

మాస్టారూ, పోయిన వానాకాలంలో మీరు నర్సరీ నుంచి తెచ్చి, సగం ఉంచుకుని సగం మాకిచ్చిన వెడేలియా తీగ బ్రహ్మాండంగా అల్లుకుంది. మా పెరట్లో రసాల చెట్టు కింద నీడకు గడ్డిపరక కూడా మొలిచేది కాదు. ఇప్పుడు మట్టి కనబడకుండా మోకాలిదాకా పచ్చదనం, దాని మీద పసుపుపచ్చ పూలు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉంటుందన్నారు. ఉండేటట్టే ఉంది.

సంగతేమిటంటే, మొన్నటి గాలివానకు కాయలు దబదబా రాలడం నేనూ మా ఆవిడ వరలక్ష్మీ చెవులారా విన్నాం. తెల్లారి చూస్తే ఒక్క కాయ లేదు. ఆ మర్నాడే మీ డాబా మీద, మీ ఒక్క చెట్టు కాయలకు మించి, మామిడి ఒరుగులు ఎండుతున్నాయి. నేనేమీ అనడం లేదు. రెండు విషయాలూ పక్కపక్కన పెట్టానంతే.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి
జగన్మోహనరావు

తా.క.: ఎదురుపడి అడగడానికి మొహమాటం వేసి పోస్టు చేస్తున్నాను. ఒరుగులకు ఉప్పు తక్కువైనట్టుంది, మా డాబా మీద నుంచి చూస్తే రంగు తిరుగుతున్నాయి.



రావుగారికి సువర్ణరాజు వందనాలు.

మీ ఉత్తరం అందింది. పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా చూసి పోస్ట్‌మ్యాన్ నవ్వుకుంటూ ఇచ్చి వెళ్లాడు.

ఒరుగుల కాయలు మార్కెట్లో కొన్నాం. ఆదివారం ఆదివారం చర్చిలో పిల్లలచేత పది ఆజ్ఞలు వల్లె వేయించేవాణ్ణి, మీ చెట్టు కింద చేతులు పెడతానా? మీ ఉత్తరం చదివినప్పటి నుంచి మా ఆవిడ లేయా డాబా ఎక్కడం మానేసింది. పోయిన కాయల బాధ మీకెందుకు, సంచెడు బంగినపల్లి కాయలు మీ గేటుకు తగిలిస్తున్నాను. తినండి.

ఉంటాను,
సువర్ణరాజు

తా.క.: తీగ కొసలు తుంచుతూ ఉండండి. లేకపోతే పొడుగ్గా సాగిపోయి పూలు తగ్గుతాయి. కోపం మీ మీద గాని తీగ మీద కాదు.



సువర్ణరాజు గారికి,

సంచి అందింది. పోయినవి రసాలు, వచ్చినవి బంగినపల్లి. నా కాయలు నాకు రాకపోగా, ఇప్పుడు దానం పుచ్చుకున్నవాణ్ణి కూడా అయ్యాను. "ఏ తప్పూ చెయ్యనోళ్లు సంచెడు కాయలు ఎందుకిస్తారు బావా?" అని మా బావమరిది కృష్ణకాంత్ నలుగురిలో అడిగాడు. నాకూ నిజమే అనిపించింది.

గోడ మీద ముళ్లతీగ వేయించాను. చెట్టుకు కెమెరా కట్టించాను. అన్యథా భావించకండి.

ఇట్లు,
జగన్మోహనరావు

తా.క.: కొసలు తుంచాను. పూలు ఎక్కువయ్యాయి. ఆ ఒక్క విషయంలో కృతజ్ఞతలు.



రావుగారికి,

ముళ్లతీగ చూశాం. మేమే కాదు, ప్రార్థనకు మా ఇంటికొచ్చిన వాళ్లందరూ చూశారు. "ఏంటండీ ఇది, మీ వీధిలో దొంగలున్నారా?" అని ఒకావిడ అడిగితే లేయా తల దించుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇంత వయసొచ్చాక మాకీ మాట అవసరమా అండీ?

ఇల్లు అద్దెకిచ్చేసి చింతలపూడిలో మా అమ్మాయి వినీల దగ్గరకు వెళ్లిపోతున్నాం. గేటుకు బోర్డు కట్టాను.

సువర్ణరాజు

తా.క.: మామిడికాయ పడనివాళ్లకే అద్దెకిస్తాను. మీకు ఏ ఇబ్బందీ ఉండదు.



మాస్టారికి, తల ఎత్తుకోలేని జగన్మోహనరావు నమస్కారాలు.

నిన్న మళ్లీ గాలి లేచింది కదా. దొంగను పట్టుకుందామని కెమెరా తెర ముందు కూర్చున్నాను. కాయ తర్వాత కాయ రాలి ఆ తీగలో మునిగిపోయింది. ఎవరూ రాలేదు. వెళ్లి తీగ ఎత్తి చూద్దును కదా, కాయలన్నీ నా పెరట్లోనే, నా పూల కిందే ఉన్నాయి. కొత్తవి కొన్ని, కుళ్లి పులిసిపోయిన పాతవి ఎన్నో.

నేను మామిడి తోటల్లో పుట్టినవాణ్ణి. రాలిన కాయ కంటపడాలని మా నాన్న ఎండాకాలం రాకముందే చెట్ల కింద ఎండుటాకు కూడా లేకుండా ఊడిపించేవారు. పూల మోజులో పడి నేనది మరిచిపోయాను. మరిచి, మీ అంతటి మనిషిని దొంగను చేశాను. ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు. ముళ్లతీగ పీకించేశాను. లేయా చెల్లెమ్మ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. వెళ్లిపోకండి మాస్టారూ.

మీ క్షమకు అర్హుడు కాని
జగన్మోహనరావు

తా.క.: వరలక్ష్మి నాతో మాట్లాడడం లేదు. ఏదైనా ఉంటే ఉత్తరం రాయమంటోంది.



రావుగారికి సువర్ణరాజు వందనాలు.

మీ ఉత్తరం చదివాక నేనూ లేయా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నేరుగా పెరట్లోకి వెళ్లి మా మామిడి చెట్టు కింద తీగ ఎత్తాం. మా కాయలూ అక్కడే ఉన్నాయి.

మీకు చెప్పలేదు కదూ? ఆ గాలివానకు మావీ మాయమయ్యాయి. ఒరుగులకు మార్కెట్లో కొన్నది అందుకే. మీరే ఏరుకుపోయారనుకున్నాం. మీ మొదటి ఉత్తరం రాగానే "చూశారా, మనం అడుగుతామని ముందే మన మీద వేశారు" అంది లేయా. నేను కాదనలేదు. సంచెడు కాయలు మీ గేటుకు కట్టింది కూడా మీకు సిగ్గు రావాలనే.

మీరు అనుమానం వస్తే సంతకం పెట్టి మరీ అడిగారు. నేను మిమ్మల్ని దొంగనుకుంటూనే ఆ గాలివాన మర్నాడు మీ ఇంటికొచ్చి, వరలక్ష్మి చెల్లెమ్మ ఇచ్చిన కాఫీ తాగి, మీ ఉత్తరం వచ్చాక మీకే పది ఆజ్ఞల గురించి రాశాను. క్షమాపణ మీరెందుకు చెప్పారండీ? నాకు అన్నం సహించడం లేదు.

మీకంటే పెద్ద తప్పు చేసిన
సువర్ణరాజు

తా.క.: ఇది పోస్టులో వేసే ధైర్యం లేకపోయింది, మీరు చదివేదాకా ఆగలేను. తలుపు కిందనుంచి తోసి మీ మెట్ల మీదే కూర్చున్నాను. లేయా కూడా బయల్దేరింది గాని మీ గేటు దగ్గరే ఆగిపోయింది. ముందు వరలక్ష్మి చెల్లెమ్మను బయటికి పంపండి.