గోడ మీద గుంట

చెల్లీ,

మన ఊళ్లో తల్లిని బిడ్డ పేరుతోనే పిలవాలి. నీ కొడుకు మొలెఫీ పోయాక నిన్ను ఆ పేరుతో పిలిచే ధైర్యం నాకు లేదు.

వాణ్ణి పాతిపెట్టిన రోజు నా కూతురు లిమ్ఫోను చూపించి, "పక్కనే ఉండి అంతా చూసింది, నోరు విప్పిందా ఈ రాక్షసి!" అన్నావు. క్లినిక్‌లో ఆటిజం అన్నారు, పద్నాలుగేళ్లొచ్చినా మాట లేదు, అదేం చెబుతుందిలే అనుకునేదాన్ని.

చెప్పింది చెల్లీ. వాడు పోయిన రోజు ఉదయం ఈస్టరుకు గోడ అలికి, తడి మట్టి మీద వేళ్లతో చాళ్లు గీస్తున్నాను. అది పరుగెత్తుకొచ్చి నా చాళ్ల మధ్య పెద్ద సున్నా చుట్టి, లోపల చిన్న మనిషిని గీసింది. "పండగ గోడ పాడుచేస్తావేమే!" అని అరచేత్తో చెరిపేశాను. మళ్లీ గీసింది. మళ్లీ చెరిపాను. మూడోసారికి దాని చేతులు కట్టేశాను. మనం అలుకుమట్టి తవ్వుకునే గుంట ఒడ్డు అప్పటికే మొలెఫీ మీద విరిగిపడింది.

సాయంత్రం వాణ్ణి బయటికి తీశాక కట్లు విప్పితే, అది మళ్లీ అదే బొమ్మ గీసింది. ఈసారి చెరపలేదు. వానలొస్తే కరిగిపోతుంది, ఈలోగా వచ్చి చూడు.

బొమ్మలో వాడి చెయ్యి, సాయానికి పిలుస్తున్నట్టు, పైకెత్తి ఉంది. మొదటిసారి గీసినప్పుడూ ఎత్తే ఉంది.

అక్క