నర్సమ్మ చెయ్యి

చంద్రపూర్,
5 సెప్టెంబరు 1996

చెల్లె జయకు,

మీ అక్క ఆగమ్మ దీవించి రాయునది. నువ్వు, మరిది హనుమంతు, పిల్లలు కుశలమని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం అని ప్రతి ఉత్తరంలో అలవాటుగా రాసేస్తాం. ఈసారి మాత్రం ఆ మాట సంపాదించుకుని రాస్తున్నాను.

వేరుపడ్డప్పుడు అత్తమ్మ పిండి విసిరే ఇసుర్రాయి నా వాటాకు వచ్చిందని నువ్వు నాతో మాట మానేసి నాలుగేళ్లు. అయినా తోడికోడలివి, నేను చచ్చి బతికిన సంగతి నీకు చెప్పకుండా ఎట్లా ఉంటాను? హనుమంతు పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీకి ఎస్టీడీ బూత్ నుంచి కబురు చేశారట గానీ, నీకు రావడం కుదరలేదని మీ బావ చెప్పాడు. సరే, రాలేదు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

నాగుల పంచమికి పుట్టలో పాలు పోసి వచ్చానా, వారం తిరగకముందే ఒక కట్లపాము నన్ను ఇంట్లోనే పలకరించింది. కింద చాప వేసుకుని పడుకున్నాను. కాటు తెలియనే లేదు. తెల్లవారి లేచేసరికి కడుపునొప్పి, మింగుడు పడదు, రెప్పలు ఎంత ఎత్తినా వాలిపోతున్నాయి. చాప కింద పామును చూసి మీ బావ గొల్లుమన్నాడు. జీపులో వర్ధా వంతెన దాటేసరికి నాకు ఊపిరి కూడా అందడం లేదు.

దవాఖానలో విషానికి మందు ఎక్కించారు. కానీ ఒంట్లో పాకిన విషం నెమ్మదిగా వదలాల్సిందేనట. అంతదాకా ఊపిరాడించే మిషన్ కావాలి. ఉన్న ఒక్కదాని మీద పద్మాపూర్ గనిలో దెబ్బతిన్న మనిషి ఉన్నాడు. డాక్టర్ వైరాగడే గారు నా గొంతులోకి గొట్టం దింపి, దానికి రబ్బరు సంచి తగిలించి మనవాళ్ల చేతికిచ్చారు. మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా ఒకసారి నొక్కండి, ఆమెకూ అందుతుంది, చెయ్యి ఆగితే ఆమె ఆగిపోతుంది అని మరాఠీలో చెప్పారు.

అసలు తమాషా ఇక్కడే ఉంది. కన్ను తెరవలేను, వేలు కదపలేను గానీ నా చెవుల జోలికి పాము పోలేదు. అన్నీ విన్నాను! మన ఆడబిడ్డ నా ఆకుపచ్చ చీర ఎవరికివ్వాలో నా తల దగ్గరే నిలబడి తేల్చేసింది. రేపు ఇంటికి పోయేటప్పుడు ఆ చీరే కట్టుకుంటాను.

మీ బావ నొక్కితే సైకిలుకు గాలి కొట్టినట్టు ఉండేది. భయం, పాపం. కానీ ఒక నర్సమ్మ వచ్చి చెయ్యి వేస్తే నా ప్రాణం కుదుటపడేది. ఆ చేతికి తొందర లేదు, పరధ్యానం లేదు.

మూడోనాడు మన చిన్నమామ రాజం వచ్చి, నా రెప్ప ఎత్తి టార్చి కొట్టి చూశాడు. ఇగ ఏం లేదుర సమ్మయ్యా, పానం ఎప్పుడో పోయింది, గిది ఉత్త గాలి, ఊర్లకు తీస్కపోదాం, జీపు పిలువు అన్నాడు. మీ బావ ఏడుస్తూనే సరేనన్నాడు. లోపల నేను అరుస్తున్నాను జయా. బతికే ఉన్నాను, చెయ్యి తీయకండి అని గొంతు చించుకుంటున్నాను. రెప్ప కూడా కదలలేదు. అంత భయం నా జన్మలో ఎరగను.

డాక్టర్ గారు ఒప్పుకోలేదు. ఈ విషం కండను పడుకోబెడుతుంది గానీ బుద్ధిని కాదు, ఇంకొంచెం ఓపిక పట్టండి అన్నారు. చిన్నమామ వింటేనా! అప్పుడు లేచింది నా నర్సమ్మ. జీపు రానీ, ఏదన్న రానీ, నేనైతే చెయ్యి తియ్య, తీస్కపోతే మా ఇద్దర్ని గిట్లనే తీస్కపోండ్రి అని మగాళ్లందరినీ కడిగేసింది. తిడుతూనే ఉంది, నొక్కుతూనే ఉంది. ఒక్క ఊపిరి తప్పనివ్వలేదు.

డాక్టర్ గారు నా చెవి దగ్గర వంగి, వినబడుతుంటే కాలి బొటనవేలు కదపమన్నారు. విషం అప్పుడప్పుడే సడలుతోందేమో. ఉన్న బలమంతా ఆ వేలికి పంపాను. కదిలింది! వార్డంతా హోరెత్తిపోయింది. గని మనిషి తాలూకు వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చి నా వేలు చూశారట.

మర్నాటికి రెప్పలు విచ్చుకున్నాయి, చేతులు ఆడాయి, ఆ తర్వాత గొట్టం తీశారు. నా మొదటి మాట కోసం అందరూ మంచం చుట్టూ చేరారు. నేను చిన్నమామ వైపు తిరిగి, జీపు వచ్చిందా మామా అని అడిగాను. అప్పటి నుంచి ఆయన నా కంటపడటం లేదు. రోజూ మోసంబీలు మాత్రం పంపిస్తున్నాడు.

గెలిచాను జయా. పాము మీద గెలిచాను, ఆ జీపు మీద కూడా గెలిచాను. పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు,
సొంత ఊపిరితో రాస్తున్న
మీ అక్క
ఆగమ్మ

తా.క.: ఆ నర్సమ్మకు దండం పెడదామని వెతికించాను. ఈ వార్డు నర్సులకు మరాఠీ తప్ప రాదు, ఒక్కరి చేతికీ గాజులు లేవు. నా నర్సమ్మ నొక్కినప్పుడల్లా గాజులు గలగలమనేవి. ఎవరూ లేనప్పుడు నా చెవిలో, లేవే మొండిదానా, ఇసుర్రాయి నువ్వే ఉంచుకో గని లే, అని ఏడ్చేది. అక్కను పట్టుకుని మొండిదానా అంటావా? ఇసుర్రాయి కోసమే వచ్చావని నేను అనుకుంటానని, నువ్వొచ్చిన సంగతి చెప్పొద్దని మీ బావతో ఒట్టు వేయించుకుని, నేను కళ్లు తెరవకముందే బస్సెక్కావు. అదీ విన్నాను. ఆ రోజులన్నీ నువ్వు ఊపిరి తీస్తేనే నేను తీశాను జయా. వచ్చే వారం పోలా, ఎడ్ల పండుగ, శెనగలు విసరాలి. ఇసుర్రాయి నీకు పంపను. నా చేతుల్లో ఇంకా బలం లేదు, అవతలి పక్క నువ్వొచ్చి కూర్చో.