రోడ్డు దిగని రేకుల బండి

మామా, సంగటి గిన్నెలో ఉంది. తిన్నాక మూత మీద రాయి మళ్లీ పెట్టు, కుక్కలు తిరుగుతున్నాయి. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు పొద్దున సీసాతో పాలు పట్టినాను, మధ్యాహ్నం నువ్వు పట్టాలి. నేను పాపను తీసుకుని వేములకు, మా అమ్మ దగ్గరికి పోతున్నాను.

కోపంతో కాదు. డేరా బండి కారుతుందని, రేకుల గది ఉన్న ట్రాలీయే కావాలని పోరింది నేనే. ఇంత బరువు వానకు నానిన నల్లరేగడిలో దిగబడుతుందని ఇద్దరికీ తట్టలేదు. ఎరువు కోసం మందను పిలిచిన రైతు చేనులో నువ్వు, ఎర్రగుంట్ల రోడ్డు పక్కన లారీల దుమ్ములో మేము. "ఇంగో చేను రోడ్డుకు దగ్గరే లేమ్మే" అంటాండావు. మూడు చేన్లు మారినాయి. డేరాలో తడిసినా ముగ్గురం ఒకచోటే తడిసినాము. మనం అమ్మిన ఆ డేరా బండిని కొన్నాయన విప్పేసి పాత ఇనుముకు వేసినాడంట. ఇంక వెనక్కి అడిగేది కూడా లేదు.

తాళంచెవి చక్రం మీద పెట్టినాను.

నందిని

లోపలి రేకు మీద పాప బొగ్గుతో నిన్ను గీసింది, తుడపొద్దు. గొర్రెల నడుమ గోరంత గీసింది. ఇంత చిన్నగానా అని అడిగితే, "నాయన ఈడినుంచి అంతే కనపడతాడు" అనింది.