పద్నాలుగో రోజు తూకం

అక్కా, నా పని పోలేదు. పోయిన ఉత్తరం చూసి బెంగపడి ఉంటావు.

పంపుల్లో వేసే రబ్బరు రింగులను నూనెలో నానబెట్టి, రోజూ తూచి, ఎంత ఉబ్బాయో రాయడం నా పని కదా. మంచి రబ్బరైతే పది రోజులకు ఉబ్బడం ఆగిపోతుంది. ఈసారి పద్నాలుగో రోజుకీ నా పుస్తకంలో బరువు పెరుగుతూనే ఉంది. ఇంజనీరుగారు చూసి, "పైనున్న నూనె తుడవకుండానే తూచి ఉంటావు. సోమవారం నుంచి గోడౌన్‌కి పోయి మూటలు లెక్కపెట్టుకో" అన్నారు. ఆయన ముందే రింగును అద్దుడు కాగితం మీద రెండు వైపులా మూడేసి సార్లు అద్ది తూచాను. మళ్లీ నా అంకే వచ్చింది. ఆయన రింగును కోసి చూస్తే నూనె నడిమధ్య దాకా చేరి ఉంది. "గంధకం తక్కువేశారయ్యా, రబ్బరు లోపల ముడులు సరిగా పడలేదు" అన్నారు. సరుకు బయటికి పోకుండా ఆపారు. ఇప్పుడు అందరూ నాలాగే అద్ది తూకం వేస్తున్నారు.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత కళ్లజోడు బీరువాలో ఉంటే పంపు.

దశాంశ చుక్క తర్వాత మూడో అంకె కూడా వదలకూడదని పలక మీద నేర్పింది నువ్వేనని ఆయనతో చెప్పాను. "మీ అక్కగారికి నా నమస్కారాలు కూడా రాయండి" అన్నారు. ఇదిగో, రాశాను.

నీ తమ్ముడు