ఏడాదికి మూడు రోజులు

నా పిచ్చుకకు,

అమ్మ ముద్దులు, దీవెనలు. ఇక్కడ నేను, మీ పెద్దమ్మ, కింది వాటా వాళ్ళు అందరం బాగానే ఉన్నాం. నువ్వూ అల్లుడూ అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. నీ ఉత్తరం చదివాక ఆ మాట అలవాటుగా రాసేయడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం షాపుకి పట్టుకెళ్ళాను. కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే మిషను ఆపి, వెనకగదిలో స్టూలు మీద కూర్చుని చదివాను. మా షాపాయన తొంగిచూసి, "ఏమ్మా, అమ్మాయి ఏమైనా శుభవార్త రాసిందా?" అన్నాడు. "ఆఫీసులో పని ఎక్కువైందట" అన్నాను. ఇంకేం చెప్పను? మీకున్నది ఒక్క గది, ఫోనులో మాట్లాడితే అల్లుడు వింటాడని రాశావు. అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను. దీన్ని మీ ఆఫీసు అడ్రసుకే పంపిస్తాను.

ముందు నువ్వడిగిన చిన్న సంగతులు చెప్పేస్తాను. మోకాలు మెట్లు దిగేటప్పుడు సణుగుతుంది, ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు, నా బరువు తగ్గించమన్నాడు. మొదటిది వింటున్నాను. వంటింటి కిటికీ వానకి ఉబ్బి మూసుకోవడం లేదు, అట్ట అడ్డం పెట్టాను. మీ పెద్దమ్మ ఇంకా తిడుతోందా అని అడిగావు. తిట్టకుండా ఎలా ఉంటుంది? ఈసారి నేను మీ నాన్నతో పార్కు ప్రయాణానికి సంచి సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి మొదలుపెట్టింది.

"లోకంలో ఎక్కడైనా ఉందా ఈ వింత? కలిసి బతకలేమని కోర్టులో సంతకాలు పెట్టినవాళ్ళు, ఏటేటా కలిసి రంగులరాట్నం ఎక్కడానికి వెళ్తారా? పోనీ చంకలో పిల్లలున్నారా అంటే అదీ లేదు. యాభై దాటాయి ఇద్దరికీ! అడిగినవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

"తల తిరిగి వెళ్ళారని చెప్పు. ఎలాగూ అక్కడ తిరిగేది అదే" అన్నాను. నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. సెలవడిగితే షాపాయన మాత్రం నవ్వలేదు. "సముద్రం ఉంది, కొండలున్నాయి. పోయి పోయి ఆ పార్కుకేనా? చూసిందే చూస్తారు, తిరిగిందే తిరుగుతారు. గానుగెద్దుకైనా విసుగొస్తుందమ్మా" అన్నాడు.

వీళ్ళ మాటలు నాకు అలవాటే. నీ మాటే గుచ్చుకుంది. 'మీరిద్దరూ విడిపోయాకే బాగున్నారు. ఏడాదికోసారి కలుసుకుని పిల్లల్లా నవ్వుకుంటారు. మేమూ అలా విడిపోయి, మంచిగా ఉండలేమా?' అని రాశావు. ఆ వాక్యం దగ్గర నా ప్రాణం ఉసూరుమంది. నువ్వు మమ్మల్ని చూసి ధైర్యం తెచ్చుకుంటున్నావని నాకిన్నాళ్ళూ తెలియదు.

దీనికి జవాబు చెప్పాలంటే నీకు తెలిసిన సంగతుల మీదుగానే వెళ్ళాలి. ఓపికగా చదువు.

మొదటిసారి ఆ పార్కుకి నీ కోసమే వెళ్ళాం. బొమ్మల గుహలో పడవ చీకట్లోకి మళ్ళగానే నువ్వు భయపడి నా చెయ్యి గిచ్చావు, వారం రోజులు కమిలిపోయి ఉంది. తర్వాత ప్రతి ఏడూ వెళ్ళాం. కొంచెం పెద్దదానివయ్యాక, "నేను రాను, నా స్నేహితులు నవ్వుతున్నారు" అన్నావు. అప్పుడు మానేస్తామని అందరూ అనుకున్నారు. మేం నిన్ను పెద్దమ్మ దగ్గర దింపి, ఇద్దరమే బయల్దేరాం. ఆ రోజు ముక్కున వేలేసుకున్న మీ పెద్దమ్మ ఇంతవరకూ తీయలేదు.

ఏముంది అక్కడ అని ఎవరడిగినా సరిగ్గా చెప్పలేకపోయేదాన్ని. ఉన్నదొక్కటే. ఆ గేటు దాటగానే మీ నాన్నకి మాట వచ్చేది.

ఇంట్లో ఆయనెలా ఉండేవారో నీకు తెలుసు. రోజంతా లిఫ్టులు బాగుచేస్తూ వాటి గోతుల్లో, తీగల మధ్య పని చేసి వచ్చి, చేతుల మసి కడుక్కుని, గోడవైపు తిరిగి తినేవారు. ఏదడిగినా 'ఊఁ'. ఒక్కోసారి అది కూడా ఉండేది కాదు, వారాలకి వారాలు. ఆయన లోపల గడియ పెట్టుకుంటే, నేను స్నానాలగది తలుపు బయట నిలబడి మాట్లాడేదాన్ని. జవాబు రాకపోతే అరిచేదాన్ని. అరిస్తే ఆయన ఇంకా లోపలికి వెళ్ళిపోయేవారు. తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం లేదు, ఇంకో మనిషి లేదు. కోర్టులో కారణమేమిటమ్మా అని అడిగినప్పుడు నాకే సిగ్గేసింది. "మాట్లాడరండీ" అన్నాను. రాసుకునే గుమాస్తా కలం ఆపి నా వంక చూశాడు.

ఆ మనిషే పార్కులో రోలర్ కోస్టర్ వరసలో నిలబడితే వేరు. "విను, ఆ గొలుసు విను. బండిని పైకి లాగేటప్పుడు ఎలా టకటకా కొట్టుకుంటోందో" అనేవారు. ముందు నిలబడినవాళ్ళకి పేర్లు పెట్టేవారు. "అడుగో టోపీ అల్లుడు. టిక్కెట్లు మామగారు కొన్నారు, అందుకే అందరి సంచులూ వాడే మోస్తున్నాడు." నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. రోలర్ కోస్టర్ కిందికి దూకేటప్పుడు ఇద్దరం గొంతు చించుకుని అరిచేవాళ్ళం. మా ఇద్దరి అరుపులూ కలిసింది అక్కడొక్కచోటే.

విడిపోయిన ఏడాది టిక్కెట్లు ముందే తీసుకుని ఉన్నాం. ఆయన రారులే అని నేను వెళ్ళాను. నేను రానులే అని ఆయన వచ్చారు. గేటు దగ్గర ఎదురుపడ్డాం. "నువ్వూ వచ్చావా?" అన్నారు. "మీరూ వచ్చారా?" అన్నాను. అంతే, వెళ్ళి వరసలో నిలబడ్డాం. అప్పటినుంచి ఆనవాయితీ అయింది. లాడ్జిలో ఎదురెదురు గదులు తీసుకుంటాం. అక్కడి మేనేజరు మేం మొగుడూ పెళ్ళాలమే అనుకుంటాడు. ఒకసారి నన్ను పక్కకి పిలిచి, "గురక మరీ ఎక్కువా అమ్మా?" అని జాలిగా అడిగాడు. అవునన్నాను. పాపం మీ నాన్నకి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

ఇంతవరకూ నీకు తెలిసిందే, లేదా ఊహించుకున్నదే. ఇక తెలియనిది చెప్తాను. ఫోనులో నువ్వు "ఈసారి ఎలా జరిగింది?" అంటే "ఎప్పటిలాగే" అన్నాను. ఎప్పటిలాగా జరగలేదు.

ఈసారి నేను ఒక మాట అడగాలని నిర్ణయించుకుని వెళ్ళాను. ఇంటికి వచ్చెయ్యమని. మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు. బయల్దేరే ముందు అలమరలో ఒక అర ఖాళీ చేసి, తుడిచి, కాగితం పరిచి వెళ్ళాను. నా వెర్రి చూడు.

మొదటి రోజు హాయిగా గడిచింది. ఆయనకి జుట్టు బాగా తగ్గింది, రైడు దిగినప్పుడల్లా ఉన్న నాలుగూ నిలబడుతున్నాయి. రెండో రోజు వాన పట్టుకుంది. పెద్ద రైడ్లన్నీ ఆపేశారు. పార్కు చుట్టూ తిరిగే చిన్న రైలుంది చూడు, పైకప్పు ఉంటుంది కదా, అందులో ఎక్కాం. పెట్టెలో మేమిద్దరమే. కాగితం కప్పుల్లో టీ పట్టుకుని కూర్చున్నాం. బయట రంగులరాట్నం గుర్రాలకి నీలం ప్లాస్టిక్ పట్టాలు కప్పేస్తున్నారు. ఆయన కబుర్లు చెబుతూనే ఉన్నారు. మధ్యలో అడిగేశాను.

"ఇంటికి వచ్చెయ్యకూడదూ?"

"వాన తగ్గనీ, లాడ్జికి పోదాం" అన్నారు.

"లాడ్జికి కాదు. మన ఇంటికి."

రైలు మళ్ళీ స్టేషనుకి వచ్చి ఆగింది. తలుపు తీసే అమ్మాయి మమ్మల్ని చూసి, దిగరని గ్రహించి, తలుపు వేసేసింది. ఇంకో చుట్టు మొదలైంది. ఆ చుట్టు సగమయ్యాక ఆయన నోరు విప్పారు.

"రాను."

"ఎందుకని?"

"ఇక్కడ నీతో మాట్లాడేవాడున్నాడే, నువ్వు పిలుస్తున్నది వాడిని. ఇంటికొచ్చేది వాడు కాదు."

"ఇన్నేళ్ళయింది. మారి ఉంటారు కదా."

"మారలేదు. నా గదిలో నేనొక్కణ్ణే ఉన్నా అంతే. పక్క గదివాడు పలకరిస్తే తల ఊపి తలుపేసుకుంటాను. ఎందుకో నాకూ తెలియదు. తాళం తీసి లోపల అడుగు పెడితే చాలు, నోరు బిగుసుకుపోతుంది. నిన్ను మళ్ళీ స్నానాలగది తలుపు బయట నిలబెట్టలేను."

నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. "అయితే నాకు ఏడాదికి మూడు రోజులేనా?" అన్నాను.

"నాకూ అంతేగా" అన్నారు.

ఆ మాట అంటూ ఆయన నా వంక చూడలేదు. టీ కప్పు అంచు చించుతున్నారు, చిన్న చిన్న ముక్కలుగా. లిఫ్టు తీగలు పట్టుకునే మొరటు వేళ్ళు, ఆ కాగితం ముక్కల్ని ఎంత జాగ్రత్తగా ఒళ్ళో పోగేసుకున్నాయో. అప్పుడు నాకు అర్థమైంది, ఆయన అబద్ధం చెప్పడం లేదని. కోపం కూడా పోయింది. కోపం పోయాక మిగిలిందేమిటో నీకెలా చెప్పను? ఏమీ మిగల్లేదు.

మర్నాడు వాన వెలిసింది. ఎండ కాసింది, రైడ్లన్నీ మొదలయ్యాయి. నేను సంచి సర్దుకుని ఆయన గది తలుపు కొట్టాను. "నేను ఇవాళే వెళ్ళిపోతున్నాను" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. సంచి అందుకుని బస్సు దాకా వచ్చారు. మోకాలు పట్టేస్తుందని కిటికీ పక్కన, కాలు చాపుకునే సీటు చూసి కూర్చోబెట్టారు. కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడ్డారు.

"వచ్చే ఏడు..." అన్నారు.

"నేను రానండీ" అన్నాను.

తల ఊపారు. పక్క గదివాడికీ ఇలాగే ఊపుతారేమో. బస్సు కదలడానికి చాలాసేపు పట్టింది. ఆలోగా ఆయన రోడ్డు దాటి పార్కు గేటు దగ్గర వరసలో నిలబడడం కనిపించింది. ముందొక పెద్ద కుటుంబం, వెనకొక కుటుంబం, పిల్లల గోల. మధ్యలో ఆయన. ఎవరికైనా పేరు పెట్టినా వినడానికి పక్కన మనిషి లేదు. నేను దిగిపోదామనుకున్నాను, పిచ్చుకా. నిజంగా లేచి నిలబడ్డాను. కండక్టరు "కూర్చోండమ్మా, బయల్దేరుతోంది" అన్నాడు. కూర్చున్నాను.

ఇంటికి చేరిన సాయంత్రం ఆయన ఫోను చేశారు. ఇన్నేళ్ళలోనూ తనంతట తాను చేసిన మనిషి కాదు.

"చేరావా?" అన్నారు.

"చేరాను" అన్నాను.

ఆయన పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు. అటు ఆయన ఊపిరి వినిపిస్తోంది, వెనకాల ఎవరిదో టీవీ. అలా పట్టుకుని కూర్చున్నాం. అచ్చం మా కాపురంలాగే ఉంది. చివరికి నేనే, "ఉంటానండీ" అన్నాను.

మళ్ళీ చేయలేదు. నేనూ చేయలేదు. ఏ రోజుకారోజు షాపులో అద్దాలు అరగదీసుకుని వస్తున్నాను. సాయంత్రాలు కష్టంగా ఉన్నాయి. ప్రతి ఏడూ ఈ రోజుల్లో వచ్చే ఏటి ప్రయాణం గురించి ఆలోచించుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచన అటు వెళ్ళబోయి, గోడకి కొట్టుకుని వెనక్కి వస్తోంది. మీ పెద్దమ్మ ఏదో పసిగట్టింది. "ఈసారి ఫోటోలు చూపించలేదేం?" అని అడిగింది. వాన పడిందన్నాను. అప్పటినుంచి పార్కు మాట ఎత్తడం లేదు. తిట్టినా బాగుండేదనిపిస్తోంది.

ఇప్పుడు నీ సంగతి. నిన్ను ఉండమని చెప్పను, వచ్చెయ్యమని చెప్పను. అతను అరుస్తాడని, నువ్వూ అరుస్తావని, ఇద్దరి డ్యూటీలూ కుదరక మొహాలు చూసుకునే వేళే ఉండడం లేదని రాశావు. మీకు ఏది భరించగలిగేదో, ఏది కాదో నాకు దూరం నుంచి తెలియదు. అతను చెయ్యి ఎత్తితే మాత్రం ఇవేమీ ఆలోచించకు, ఆ రోజే బస్సెక్కు. అది కానప్పుడు బాగా ఆలోచించుకో. విడిపోక తప్పకపోతే విడిపో. కానీ విడిపోయాక మంచి మిగులుతుందని, అమ్మా నాన్నల్లా నవ్వుకుంటామని మాత్రం అనుకోకు. నువ్వు చూసింది ఏడాదికి మూడు రోజులు. మిగతా రోజులు నేను నీకెప్పుడూ చూపించలేదు. ఫోనులో గొంతు సరిచేసుకుని మాట్లాడాను. ఆ రోజుల్లో నేను ఒక పళ్ళెం కడుక్కుంటాను, ఒక కప్పు కడుక్కుంటాను, లైటు ఆర్పుకుంటాను. అవి కూడా లెక్కలో వేసుకుని, అప్పుడు నిర్ణయించుకో.

మీ నాన్న మీద కోపం పెట్టుకోకు. ఆదివారం ఆయనకి ఫోను చెయ్యి. ఊఁ అంటే ఊఁ అనే వింటూ ఉండు, తొందరగా పెట్టెయ్యకు. నేనీ సంగతులు రాశానని చెప్పొద్దు.

నీ మంచం మీది పరుపు ఇవాళ ఎండలో వేశాను. కిటికీ అట్ట తీసి వడ్రంగి చేత బాగుచేయిస్తాను, నీకు చలి పడదు కదా. రావాలనిపిస్తే చెప్పాపెట్టకుండా రా. రాకపోతే, మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారనుకుని సంతోషిస్తాను.

నీ జవాబు కోసం గుమ్మం వైపే చూస్తూ ఉంటాను.

ఇట్లు,
ఈసారికి ఏదీ దాచుకోని
మీ అమ్మ